సంతకం పెట్టించుకున్నంత మాత్రాన లెక్క తీరిపోదు

ప్రశ్న: అక్కా, మాది వనపర్తి దగ్గర పల్లె. మా ఆయన హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తాడు, వయసు 35. నాలుగు నెలల కింద సైటులో కటింగ్ మిషన్ జారి కుడిచేతి చూపుడు వేలు రెండు కణుపుల దాకా పోయింది. మిషన్ కాంట్రాక్టరుదే, ఇచ్చినప్పుడే బ్లేడు మీద గార్డు లేదు. ఆపరేషన్ ఖర్చు పెట్టుకుని, 20 వేలు చేతిలో పెట్టి, ఇంకేం అడగమని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఈయనేమో తప్పు నాదే, చూసుకోలేదు అంటాడు. చెయ్యి జేబులోంచి తీయడు. లేని వేలు నొప్పి పెడుతోందంటే మా అత్తమ్మ దిష్టి తగిలిందంటోంది. ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: ముందు ఆ కాగితం సంగతి చెప్తాను చెల్లెమ్మా, దానికి భయపడే మీరు ఇన్నాళ్లు ఊరుకున్నట్టున్నారు. పరిహారం అడగనని కార్మికుడితో ఏం రాయించుకున్నా అది చెల్లదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనే ఈ మాట ఉంది, ఇప్పుడా చట్టం సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలో కలిసినా ఈ రక్షణ పోలేదు.

ఇక తప్పెవరిదనేది. పనిలో చూసుకోకపోవడం పరిహారం ఎగ్గొట్టడానికి కారణం కాదు. తాగి ఉన్నా, గార్డును కావాలని తనే తీసేసినా వాళ్లకు వాదన దొరుకుతుంది. మీ ఆయనకు మిషన్ ఇచ్చిందే గార్డు లేకుండా, కాబట్టి ఆ మాట గట్టిగా చెప్పాలి. "నాదే తప్పు" అని ఎవరి దగ్గరా అనొద్దని చెప్పండి, ఎందుకంటే అది నిజం కూడా కాదు.

ఎంత వస్తుందంటే, చూపుడు వేలు రెండు కణుపులు పోతే సంపాదించే శక్తిలో 11 శాతం నష్టమని చట్టంలోని పట్టికలో రాసే ఉంది. నెలకు ఎంత సంపాదించినా లెక్కకు గరిష్ఠంగా 15 వేలే తీసుకుంటారు, అందులో 60 శాతం 9 వేలు, దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన గుణకం 197.06తో హెచ్చవేసి 11 శాతం తీస్తే లక్షా 95 వేల పైచిలుకు. 20 వేలెక్కడ, ఇదెక్కడ! ఇచ్చిన ఆ 20 వేలు ఇందులోంచి తగ్గిస్తామని వాళ్లు అనొచ్చు, ఆపరేషన్ ఖర్చు మాత్రం ఇందులో కలపనివ్వకండి. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే పని ఇచ్చిన బిల్డర్‌ను కూడా అడగొచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు లేబర్ ఆఫీసులో దరఖాస్తు పడాలి, కానీ అంతదాకా ఆగకండి.

డబ్బుకన్నా నాకు టెన్షన్‌గా ఉంది ఆ జేబులో చెయ్యి గురించి. లేని వేలు నొప్పి పెట్టడం దిష్టి కాదమ్మా, తెగిన నరం ఇంకా మెదడుకు కబురు పంపుతూనే ఉంటుంది, అత్తమ్మకు నెమ్మదిగా చెప్పండి. చెయ్యి అలా కదపకుండా దాస్తే బాగున్న వేళ్లు కూడా బిగుసుకుపోతాయి. ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించి ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి. మొండి వేలును మొదట మెత్తటి నూలు గుడ్డతో, అలవాటయ్యాక తువ్వాలుతో రుద్దడం, గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి వేళ్లు ఆడించడం లాంటివి చేయిస్తారు, ఇంట్లో రోజూ చేయొచ్చు. చూపుడు వేలు పని చాలావరకు మధ్యవేలు అందుకుంటుంది, అందుకు నెలలు పడుతుంది. అన్నం ఆయన్నే కలుపుకోనివ్వండి, మెతుకులు రాలినా సరే, మీరు అందుకోకండి.

లేబర్ కార్డు ఉందా? 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లకు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసి ఈ కార్డు ఇస్తారు. ఉంటే దాని సాయం వేరుగా అడగండి.

ఆస్పత్రి కాగితాలన్నీ, కూలి డబ్బు ఫోన్‌లో పడిన మెసేజ్‌లతో సహా, ఒక సంచిలో పెట్టండి. ఆ రోజు పక్కన పనిచేసిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవాళే రాసుకోండి, ఆ సైటు అయిపోతే వాళ్లు ఏ ఊరు పోతారో ఎవరికీ తెలీదు.