వైఫై ఆన్‌లో ఉంటేనే పాటల్లో చిటపటలా? సౌండ్ కార్డు బాగానే ఉండుంటుంది

విండోస్ ల్యాప్‌టాప్‌లో పాటలు వింటుంటే చిటపటలు వచ్చి, వైఫై ఆపగానే అవి పోతున్నాయంటే, అనుమానం వైఫై డ్రైవర్ మీదే, అంటే వైఫైని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్ మీదే. అది ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటే ఆడియో బఫర్ (పాట ముందుగా కొంచెం నిల్వ ఉండే చోటు) ఖాళీ అయిపోయి ఆ చప్పుడు వస్తుంది. కొత్త సౌండ్ కార్డు కొనకండి.

1. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటోందో చూపించే ప్రోగ్రామ్ లేటెన్సీమాన్, ఇంటి వాడకానికి ఉచితమే. పాట పెట్టి, వైఫై ఆన్‌లోనే ఉంచి పది నిమిషాలు నడపండి.

2. అందులో డ్రైవర్స్ ట్యాబ్‌లో పైన 'ఎన్‌డీఐఎస్ డాట్ సిస్' (ndis.sys, నెట్‌వర్క్ పనులు చూసే ఫైలు) కనిపిస్తే చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది విండోస్ సొంత ఫైలు కాబట్టి ఏం చేయలేమని. అసలు దొంగ దాని కింద పనిచేసే వైఫై డ్రైవరే అయ్యుంటుంది.

3. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్త వైఫై డ్రైవర్ ముందే దించుకోండి. తర్వాత విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పాతది తీసేసేటప్పుడు, డ్రైవర్‌ని కూడా తొలగించమనే టిక్ తప్పకుండా పెట్టండి, లేకపోతే విండోస్ మళ్లీ అదే పాతది ఎక్కిస్తుంది.

4. కొత్తది వేసి రీస్టార్ట్ చేయండి.