పిల్లాడి గొంతు రెండు నెలలుగా బొంగురుగా ఉంది, ఈఎన్‌టీకి చూపించాలా?

"ఆరేళ్ళ బాబుకి జలుబు తగ్గినా గొంతు రాలేదు, ముక్కులోంచి కెమెరా పెడతామంటే భయంగా ఉంది, మందులతో పోదా?" అని అడిగారు. చూపించండి. మూడు నాలుగు వారాలు దాటిన బొంగురు సిరప్పులతో పోయే రకం కాదు.

మా వాడికి అప్పుడు ఏడేళ్ళు. చుట్టాల్లో ఒక్కొక్కరిది ఒక్కో వైద్యం: మిరియాల పాలు, అతిమధురం, బుగ్గన కరక్కాయ ముక్క. వీధి చివరి డాక్టరుగారు ఒక యాంటీబయాటిక్ రాసి, తగ్గలేదంటే ఇంకోటి మార్చి రాశారు. నోరు తెరిపించి టార్చి వేస్తే కనబడేది టాన్సిల్స్. స్వరపేటిక దానికి బాగా కిందుంటుంది. ఇది చెబితే "డాక్టరు చూశారుగా" అంటారు మా వాళ్ళు. ఏం చూశారండీ?

చివరికి గుంటూరులో ఒక ఈఎన్‌టీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. ముక్కులో తిమ్మిరెక్కే మందు కొట్టారు. చేదుకి వాడి మొహం వంకర్లు పోయింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతులు గట్టిగా పట్టుకోమన్నారు నన్ను. మీరు భయపడుతున్న ఆ గొట్టం నూడిల్ కంటే కాస్త లావుంటుంది, అంతే. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక కేక పెట్టాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈలోగా తెరమీద రెండు తెల్లటి పట్టీలు కనబడ్డాయి, ఊపిరి తీసినప్పుడల్లా విచ్చుకుంటూ. అవే స్వరతంత్రులు. "ఈ... అని సాగదియ్యి నాన్నా" అన్నారావిడ. పట్టీలు దగ్గరికొచ్చాయిగానీ పూర్తిగా మూసుకోలేదు. నడుమ ఎదురెదురుగా చెరో బొడిపె. వాటికి ముందూ వెనకా సందు, ఆ సందులోంచి గాలి లీకవుతోంది. మా వాడు ఏడుపు ఆపేసి "అవి నావేనా?" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ బొడిపెల్ని నాడ్యూల్స్ అన్నారు. అరిచి అరిచి తంత్రులు గట్టిగా కొట్టుకునేచోట పొర మందమైపోతుంది. మగపిల్లల్లో ఎక్కువట. ఆపరేషన్ ఊసే ఎత్తలేదావిడ. అరుపు మానకపోతే తీసేసినా మళ్ళీ వస్తాయట, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపారు.

అసలు సంగతి అక్కడ తేలింది. ఆ థెరపిస్టు అమ్మాయి వాణ్ణి వదిలేసి నన్ను అడిగింది: "ఇంట్లో ఎవరికైనా సరిగా వినబడదా?" మా అత్తయ్యకి వినబడదు. టీవీ సౌండు వీధిలోకి వస్తుంది. మా వాడు రోజంతా ఆవిడ దగ్గరే, ప్రతి మాటా టీవీని దాటుకుని ఆవిడ చెవిదాకా వెళ్ళాలి. చెవి మిషన్ కొన్నాం, అది బీరువాలో పట్టుచీరల మధ్య క్షేమంగా ఉంది. ఎందుకు పెట్టుకోరంటే కుయ్యిమంటుందని. చెవిలో వదులుగా కూర్చుంటే అలాగే కూస్తుంది, సరిచేస్తే పోతుంది. ఆ ముక్క అమ్మినవాడు చెప్పడు, డబ్బు పుచ్చుకున్నాక వాడికేం పని? పెద్దవాళ్ళ పట్టుదల సంగతి ఇక చెప్పక్కర్లేదు. "నాకు బాగానే వినబడుతుంది, మీరే నసుగుతారు" అంటారు.

మిషన్ బాగుచేయించి పెట్టించాం. వాడేమో థెరపిస్టు నేర్పినట్టు గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి "ఊ" అంటూ బుడగలు తీసేవాడు, నేల తడిసేది. పక్కగదిలోంచి పిలవాలంటే చప్పట్లు. గుసగుసలు కూడా వద్దన్నారు, వాటివల్లా గొంతుకి శ్రమేనట. కొన్ని నెలలు పట్టిందిగానీ గొంతు తేరుకుంది. నన్నడిగితే బొంగురు పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక వినబడని మనిషో, కట్టెయ్యని టీవీయో ఉంటుంది. లేదంటే పైకప్పు లేచిపోయేలా ఎక్కాలు అరిపించే బడి. మా వాడి బడిలో మెల్లగా చెబితే "కాన్ఫిడెన్స్ లేదు" అని డైరీలో రాసి పంపారు!

అందరివీ నాడ్యూల్సే అనుకోకండి. హెచ్‌పీవీ వైరస్ వల్ల తంత్రుల మీద పులిపిరుల్లాంటివి వచ్చే జబ్బు ఒకటుంది. ఆస్తమా అనుకుని పీల్చే మందు పంపులు వాడుతూ కూర్చునేది అలాంటప్పుడే, అది ముదిరితే గాలిదారి మూసుకుపోతుంది. చూడకుండా ఏదో తేల్చలేరు. ఊపిరి తీస్తుంటే కీచుమని శబ్దం వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

ఆ కెమెరా గొట్టం పెట్టే రోజు కడుపునిండా పెట్టి తీసుకెళ్ళకండి, వాంతి చేసుకుంటారు. ఇంతకీ మీ ఇంట్లో టీవీ సౌండు ఎంత పెడతారో రాయలేదు మీరు.