చైన్ బ్లాకు దగ్గరికి రెండో మనిషిని పిలవకండి

చైన్ బ్లాకు, అంటే బరువులెత్తే గొలుసు కప్పీ, చేత్తో లాగేదే కదా, మోటారు లేదు, కరెంటు లేదు, దీనికి కూడా అంత జాగ్రత్త కావాలా, కావాలంటే ముందు ఏం చూసుకోవాలి, గ్లౌజులు వేసుకోవాలా వద్దా అని అడిగారు. మెయింటెనెన్స్ ఫిట్టరుగా 19 ఏళ్ళ నుంచి ఈ గొలుసులు లాగుతున్నాను. మోటారు లేదు కాబట్టే దీంతో ఎక్కువ ప్రమాదం అంటాను. ఎలక్ట్రిక్ హాయిస్టు కదిలితే చుట్టూ ఉన్నవాళ్ళు తప్పుకుంటారు. చైన్ బ్లాకు కింద నుంచి మాత్రం మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళిపోతారు. ఈ బ్లాకులతో జరిగే ప్రమాదాల్లో సగానికి పైగా "ఇంకొకడు వచ్చి పట్టండ్రా" అన్న మాటతోనే మొదలవుతాయని నా గట్టి నమ్మకం.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి. నేను పనిలో చేరిన రెండో ఏడు ఒక గేర్‌బాక్సు దించాల్సి వచ్చింది. ప్లేటు మీద 700 కిలోలని ఉంది. మా దగ్గర ఉన్నది 1 టన్ను బ్లాకు. లెక్క సరిపోయింది. బేస్ బోల్టులు నాలుగూ నేనే విప్పాను. బరువును హుక్కుకు వేలాడదీసే స్లింగు తగిలించి, బీముకు బ్లాకు వేలాడదీసి, గొలుసు లాగడం మొదలుపెట్టాం. టక్ టక్ మంటూ నాలుగు చప్పుళ్ళు వచ్చాయి, స్లింగు బిగిసింది, అంతే. గొలుసు ఇక రావడం లేదు. ప్రొడక్షన్ వాళ్ళు వెనక నిలబడి టైము చూసుకుంటున్నారు. సూపర్‌వైజరు "ఏంటయ్యా, అన్నం తినలేదా, ఇద్దరూ కలిసి లాగండి" అన్నాడు. నాతో పాటు ఇంకో ఫిట్టరు, నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, వచ్చి గొలుసు పట్టుకున్నాడు. ఇద్దరం ఒళ్ళంతా వేసి వేలాడాం. ఒక టక్. చాలాసేపటికి ఇంకో టక్. పైన బ్లాకు సన్నగా వణుకుతోంది. ఆ వణుకు నాకు చేతుల్లోకి తెలిసింది, అయినా నోరు తెరవలేదు.

అప్పుడు అన్న గొలుసు వదిలి, ఎక్కడ పట్టుకుందో చూద్దామని గేర్‌బాక్సు పక్కకు వెళ్ళి దాని పాదం దగ్గర చెయ్యి పెట్టాడు. నేను ఇంకొక్కసారి లాగాను. ఠప్పున ఒక పక్క లేచింది, మొత్తం గేర్‌బాక్సు పక్కకు ఊగి, షాఫ్టులను కలిపే కప్లింగు వైపు కొట్టుకుంది. మధ్యలో అన్న చెయ్యి ఉంది. రెండు వేళ్ళు పోయాయి.

తర్వాత చూస్తే విషయం చాలా చిన్నది. బోల్టులు కాక, బేసులో రెండు డోవెల్ పిన్నులు, అంటే గేర్‌బాక్సు పక్కకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీలు, ఉన్నాయి. ఏళ్ళ తరబడి మీద పెయింటు కొట్టుకుంటూ పోవడంతో అవి కనపడలేదు. తుప్పుతో బిగుసుకుపోయాయి. మేం ఎత్తుతున్నది గేర్‌బాక్సును కాదు, నేలను. బ్లాకు దించి చూస్తే కింది హుక్కు నోరు విచ్చుకుంది. హుక్కు నోరు మూసే లాచ్ దాని కొనకు ఆనకుండా లోపలికి జారిపోతోంది. మంచి హుక్కు ఒక్కసారిగా విరగదు, ముందు తెరుచుకుంటుంది. మోయకూడనిది మోశానని అది అలా చెబుతుంది. ఆ హుక్కు చాలాకాలం నా బెంచి సొరుగులో ఉంచుకున్నాను.

ఇప్పుడు ఆ రెండో మనిషి లెక్క చూడండి. 1 టన్ను బ్లాకును నిండు బరువుతో ఎత్తడానికి చేతి గొలుసు మీద సుమారు 30 కిలోల లాగుడు చాలు, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే లోపలి గేర్లు మీ బలాన్ని 30 రెట్లకు పైగా పెంచుతున్నాయి. అందుకే బరువు ఒక మీటరు లేవాలంటే గొలుసు 30 మీటర్ల పైన లాగాలి. ఇద్దరు మనుషులు వేలాడితే లాగుడు 60 కిలోలు దాటడం ఎంతసేపు? అప్పుడు హుక్కు మీద పడేది 2 టన్నులు. చాలా బ్లాకుల్లో ఓవర్‌లోడును ఆపే ఏర్పాటు ఏదీ ఉండదు. ఒక మనిషి చెయ్యే దాని హద్దు. ఒక్కడికి రావడం లేదంటే ఏదో పట్టుకుని ఉండాలి, లేదా బరువు తప్పు చెప్పి ఉండాలి, లేదా గొలుసు మెలిపడి ఉండాలి. గొలుసు వదిలి చుట్టూ తిరిగి చూడాలి. చెయ్యి పెట్టే ముందు బ్లాకును వదులు చెయ్యాలి, స్లింగు సడలాలి. ఆ రోజు మేం చెయ్యనిది అదే.

బ్రేకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పాడు చేసేది మనమే. లోపల వెస్టన్ బ్రేకు అని ఉంటుంది. మీరు లాగినప్పుడు చేతి గొలుసు తిప్పే చక్రం మర మీద జరిగి రాపిడి డిస్కులను బిగిస్తుంది. ఆపగానే బరువు వెనక్కి తిరగబోతుంది, ఆ తిరగబోవడమే డిస్కులను ఇంకా బిగిస్తుంది, పాల్ అనే చిన్న నాలుక రాట్చెట్ అనే పళ్ళ చక్రం పన్నులో పడి పట్టుకుంటుంది. ఎత్తేటప్పుడు వచ్చే టక్ టక్ ఆ పాల్‌దే. ఎత్తుతుంటే ఆ చప్పుడు రాకపోతే అక్కడే ఆపెయ్యండి, స్ప్రింగు పోయి ఉండొచ్చు. ఇక మా షాపులో ఒకాయన ఉండేవాడు, ఏది కిర్రుమన్నా ఆయిల్ క్యాను పట్టుకొచ్చేవాడు. బరువు మోసే గొలుసుకు, అంటే లోడ్ చైనుకు, నూనె రాయండి, మంచిది. బ్లాకు కవరు సందుల్లోంచి పొయ్యకండి. పొడిగా ఉండాల్సిన డిస్కులు నూనె తాగితే బరువు మెల్లగా జారుతుంది, ఒక్కోసారి మెల్లగా కూడా జారదు.

ఎత్తే ముందు నేను చూసేవి పెద్దగా ఏమీ లేవు. హుక్కు లాచ్ మూసుకుంటోందా, హుక్కు మెలి తిరిగిందా. లోడ్ చైను లింకుల అతుకులన్నీ ఒకే వైపు వరసగా కనపడుతున్నాయా. రెండు వరసల గొలుసు ఉన్న బ్లాకయితే కింది హుక్కు గొలుసు మధ్యలోంచి పల్టీ కొట్టి మెలి వెయ్యడం మామూలే, దాన్ని విప్పకుండా ఎత్తకూడదు. గొలుసును ఎక్కడైనా బోల్టు వేసి కలిపి ఉంటే ఆ బ్లాకును ముట్టుకోను. లోడ్ చైనునే బరువు చుట్టూ చుట్టి స్లింగులా వాడేవాళ్ళను చూశాను, అలా చెయ్యొద్దు. బ్లాకు బరువుకు సరిగ్గా పైన ఉండాలి, ఏటవాలుగా లాగితే నేల వదిలిన క్షణంలో ఊగుతుంది. స్లింగు కాళ్ళు, అంటే హుక్కు నుంచి బరువుకు దిగే పాయలు, మరీ పొట్టిగా, వెడల్పుగా ఉంటే పొడవైనవి తెచ్చుకోండి. రెండు కాళ్ళూ నేలకు 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద మొత్తం బరువంత పడుతుంది, 60 డిగ్రీల్లో అయితే సగం కంటే కొంచెం ఎక్కువ. తర్వాత బెత్తెడు ఎత్తి ఆపండి. ఒక నిమిషం చూడండి. జారుతోందా, ఒరుగుతోందా, స్లింగు కదిలిందా. అన్నీ బాగుంటేనే పైకి.

నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. నేను పనిచేసిన చోట గోడ నిండా సేఫ్టీ పోస్టర్లు, హెల్మెట్ లేకపోతే లోపలికి రానివ్వరు. చైన్ బ్లాకులు మాత్రం ఇసుకలో, తడిలో కుప్పగా పడి ఉండేవి. ఎన్ని టన్నులో రాసిన ప్లేటు మీద పెయింటు కొట్టేసేవారు. కెపాసిటీ చదవలేని బ్లాకును వాడనని ఒకసారి పక్కన పెడితే నేను పని ఎగ్గొడుతున్నానన్నారు. ఇప్పటికీ అలాంటిది దొరికితే పక్కనే పెడతాను.

గ్లౌజులు అడిగారు కదా. వేసుకోండి, కానీ చేతికి పట్టి ఉండేవే. వదులుగా ఉన్న గ్లౌజు వేలి కొన గొలుసుతో పాటు చక్రంలోకి పోతుంది. లోడ్ చైను మీద చెయ్యి ఎప్పుడూ వెయ్యకండి, చేతి గొలుసు మాత్రమే పట్టుకోండి. బరువు ఊగకుండా పట్టాలంటే దానికి తాడు కట్టి దూరం నుంచి పట్టుకోండి.