బెల్ ఎయిర్ పట్టీల గురించి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు చేస్తున్న ప్లాస్టిక్ నమూనా కారు ఫొటోలు చూశాను. రంగు చక్కగా కుదిరింది. 1957 షెవర్లే బెల్ ఎయిర్‌ను ఎంచుకున్నావు కనుక, పక్కల మీద సాగే మెరుపు పట్టీ, కిటికీల అంచులు, వెనుక రెక్క కింద గీతలు గీతలుగా ఉండే అల్యూమినియం పలక, ఇవన్నీ వెనక జిగురు ఉండే పలచని లోహపు రేకుతో, అంటే ఫాయిల్‌తోనే తేవాలి. అసలు కారు పొడవు 200 అంగుళాలు. 1/25 స్కేలులో, అంటే ఇరవై అయిదో వంతు సైజులో, అది ఎనిమిది అంగుళాలే. అసలు కారు మీద అంగుళం వెడల్పున్న పట్టీ నీ చేతిలో ఒక్క మిల్లీమీటరుకు వస్తుంది కాబట్టి, వెంట్రుకవాసి వంకర కూడా ఇట్టే కనబడుతుంది.

ముందు ఫాయిలా, ముందు క్లియర్ కోటా (రంగు మీద వేసే పారదర్శక పూత) అని అడిగావు. ముందు క్లియర్ వేసి, అది పూర్తిగా ఎండాక పాలిష్ చేసి, ఆఖరున ఫాయిల్ అంటించు. తొలి రోజుల్లో నేను తిరగేసి చేశాను. క్లియర్ మీది గరుకు పోవాలని సన్నని గరుకు గుడ్డ అయిన 3200 నంబరు మైక్రో మెష్‌తో రుద్దుతుంటే, ఉబ్బెత్తుగా ఉన్న పట్టీ మీద పూత పలచగా ఉండడం వల్ల, అది ముందే అరిగిపోయి ఫాయిల్ చిరిగి కింది ప్లాస్టిక్ బయటపడింది. అరగకుండా మిగిలినచోట కూడా, క్లియర్ కిందపడిన ఫాయిల్‌కు లోహపు మెరుపు తగ్గింది. నెల రోజుల పని మళ్ళీ మొదటికొచ్చింది.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. బాడీ మీద నేరుగా ఉబ్బి ఉండే సన్నని పేర్లు, అక్షరాలు ఉంటే, రంగుకు ముందే ప్రైమర్ (రంగుకు కింద వేసే తొలి పూత) మీద చిన్న ఫాయిల్ ముక్క వేసి అక్షరాల సందుల్లోకి బాగా నొక్కి, దానిమీదుగా రంగు వెయ్యి. రంగు ఆరాక, చదునైన పుల్లకు బిగించి చుట్టిన గుడ్డను థిన్నర్‌లో లేశమాత్రం తడిపి అక్షరాల తలల మీద మాత్రమే ఆనిస్తే, అక్కడి రంగు పోయి పేరు వెండిలా తేలుతుంది. ఆ తర్వాతే క్లియర్.

క్లియర్‌కు తమియా టీఎస్-13 స్ప్రే డబ్బా వాడుతున్నావు కదా. డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో కొద్దిసేపు ఉంచు. మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు. డెకాల్స్ (నీళ్ళలో తడిపి అంటించే బొమ్మల స్టిక్కర్లు) ఉన్నచోట తడి పూత ఒక్కసారిగా పడితే ఘాటైన ఈ లాకర్ పూత వాటిని తినేస్తుంది కనుక, మొదటి రెండు మూడు పూతలు మంచు పట్టినట్టు పలచగా ఉండాలి. మీ విశాఖలో వానాకాలపు తేమకు క్లియర్ పాలలా తెల్లబడుతుంది. పొడిగా, ఎండగా ఉన్న రోజు చూసుకో. కిటికీలు తెరిచి, రసాయన వాయువులను ఆపే మాస్కు పెట్టుకో. రెండు భాగాలు కలిపే యురేథేన్ క్లియర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. ఇప్పుడప్పుడే దాని జోలికి పోవద్దు. ఎండిందో లేదో తెలియాలంటే బాడీని ముక్కు దగ్గర పెట్టుకో. పెయింటు వాసన ఇంకా వస్తుంటే ఆగు.

ఫాయిల్‌కు ముందు బాడీ మీద మైనం, చేతి జిడ్డు లేకుండా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టు. పట్టీ కన్నా కాస్త వెడల్పుగా ముక్క కోసి, పట్కారుతో మూల పట్టుకుని ఎత్తి, లాగకుండా పరిచి, ఇయర్ బడ్‌తో మధ్యనుంచి అంచులకు నునుపుగా రుద్దు. పక్క పలక మీద మాత్రం గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే చిరుగుతుంది. మొన చెక్కిన టూత్‌పిక్‌తో పట్టీ బాడీని కలిసే అంచు వెంట నొక్కితే అక్కడొక సన్నని లోయ కనబడుతుంది. సన్నని మొన గల కొత్త 11వ నంబరు కత్తి బ్లేడును అందులో ఆనించి, దాని బరువుతోనే జారనివ్వు. గట్టిగా నొక్కావా, రంగు తెగి గాటు పడుతుంది. నేను పూటకొక బ్లేడు మారుస్తాను. మొద్దుబారినది ఫాయిల్‌ను కొయ్యదు, పీకుతుంది. పొడవు పట్టీని ఒకే ముక్కతో సాధించాలనుకోకు. తలుపు సందు దగ్గర అతుకు పెడితే ఎవరి కంటికీ ఆనదు.

కిటికీల అంచులు అద్దాలు బిగించకముందే పూర్తిచెయ్యి. మిగిలిన జిగురును లైటర్ పెట్రోలు అద్దిన ఇయర్ బడ్‌తో తుడవవచ్చు, కానీ ముందు బాడీ లోపలి వైపు పరీక్షించు. వాడగా మిగిలిన ఫాయిల్‌ను మడవకుండా కవరులో పెట్టి, బరువైన పుస్తకం మధ్య దాచు.

ప్రేమతో,
మీ మావయ్య