చిన్నారి అరచేతిలో చెక్క పేడు

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. నిన్న సాయంత్రం పాత తలుపు రెక్క పట్టుకొని ఊగుతుండగా కుడి అరచేతిలో పేడు గుచ్చుకుంది. మావారు పిన్నీసుతో తీయబోతే వాడు ఇల్లు పీకి పందిరి వేశాడు. ఆ పెనుగులాటలో కొస విరిగి, మిగతాది లోపలే ఉండిపోయింది. చర్మం కింద నల్లటి గీతలా కనిపిస్తోంది. జిల్లేడు పాలు పెడితే దానంతటదే బయటికి వస్తుందని మా అత్తగారు అంటున్నారు. ఇంట్లోనే తీయవచ్చా? టీటీ ఇంజెక్షను వేయించాలా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందుగా జిల్లేడు పాల సంగతి. దయచేసి వాటిని పెట్టకండి. ఆ పాలు చర్మాన్ని మండించి పొక్కిస్తాయి. అంతకన్నా పెద్ద భయం ఏమిటంటే, మూడేళ్ల పిల్లవాడు అదే చేత్తో కన్ను నులుముకుంటే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మసకబారే ప్రమాదం ఉంది. మీ అత్తగారి మాటలో అనుభవం లేకపోలేదు. లోపల చిక్కిన ముల్లు చుట్టూ వాపు వచ్చి, చీము పట్టి, చివరికి ముల్లు బయటపడడం పెద్దలు చూసినదే. అయితే చీము పట్టేదాకా ఎదురుచూడడం పసివాడికి వైద్యం కాదు. బెల్లం, సున్నం కలిపి కట్టడమూ వద్దు, సున్నం లేత చర్మాన్ని కాలుస్తుంది.

గీతలా కనిపిస్తోందంటే పేడు చర్మానికి సమాంతరంగా, పైపైనే ఉందన్నమాట. కాబట్టి ఇంకొకసారి ఇంట్లో ప్రయత్నించవచ్చు. రాత్రి బల్బు వెలుగులో, నిద్ర వేళకు కాకుండా, కడుపు నిండి హాయిగా ఉన్నప్పుడు పగటి వెలుతురులో కూర్చోండి. ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకొని మణికట్టును కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు తీయాలి. “నొప్పే ఉండదు” అని మాత్రం చెప్పకండి; ఒకసారి ఆ మాట అబద్ధమని తేలితే, తరవాత ఎవరు సూది పట్టుకున్నా వాడు నమ్మడు. కొంచెం చురుక్కుమంటుందని చెప్పి, గుడ్డలో చుట్టిన మంచుముక్కను ఒకటి రెండు నిమిషాలు ఆనిస్తే ఆ చోటు కాస్త మొద్దుబారుతుంది.

మీ చేతులనూ, వాడి చేతినీ సబ్బుతో కడిగి పొడిగా తుడవండి. చేతిని చాలాసేపు నీళ్లలో నానబెట్టకూడదు, చెక్క ఉబ్బి మెత్తబడి మళ్లీ విరుగుతుంది. సూదిని దీపం మీద కాల్చడం చాలా ఇళ్లలో అలవాటే కానీ, దాని మసి పుండులోకి పోతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో సూదినీ, కనుబొమలకు వాడే ప్లక్కర్‌నూ తుడిచి ఆరనిస్తే మేలు. పేడు ఏ వైపునుంచి దూరిందో ఆ చివర సూదిని లోతుగా పొడవకుండా, పడుకోబెట్టినట్లు పట్టుకొని పైపొరను మాత్రమే కొద్దిగా విప్పండి. అరచేతి పైపొర మృతకణాలది కనుక అక్కడ నొప్పీ రక్తమూ అంతగా ఉండవు. కొస పైకి లేచాక ప్లక్కర్‌తో పట్టి, దూరిన దారి వెంటే, అదే వాలులో వెనక్కి లాగాలి. నిట్టనిలువుగా లాగితే విరుగుతుంది. నిన్న జరిగింది బహుశా అదే. పక్కలనుంచి నొక్కి పిండితే పేడు ముక్కలై లోతుకు జారుతుంది. పది నిమిషాల్లో రాకపోతే ఆపేయండి, అందులో ఓటమి ఏమీ లేదు.

వచ్చేస్తే మళ్లీ సబ్బునీళ్లతో కడిగి, చిన్న ప్లాస్టరు వేస్తే చాలు. పసుపు అద్దకండి, మనం కనిపెట్టి చూడవలసిన ఎర్రదనాన్ని అదే కప్పేస్తుంది.

రాకపోయినా, ఎర్రబారి వేడిగా వాచినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, వేలు ముడవలేకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. విరిగిన ముక్క దొరికితే వెంట తీసుకెళ్లండి, లోపల ఎంత ఉందో అంచనాకు పనికొస్తుంది. గుచ్చుకున్నది చెక్క అని తప్పక చెప్పాలి. గాజుపెంకు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపిస్తుంది గానీ, చెక్క చాలావరకు కనిపించదు, దానికి అల్ట్రాసౌండ్ కావాలి. గోరు కింద, కంటి దగ్గర, కీలు మీద గుచ్చుకున్నవాటిని ఇంట్లో ముట్టుకోనే కూడదు. ముఖ్యంగా ఈతముల్లు మోకాలిలో విరిగితే, పైన పుండు మానిపోయిన కొన్ని వారాలకు కీలు వాచడం కద్దు.

ఇక టీటీ, అంటే ధనుర్వాతం రాకుండా వేసే టీకా. పిల్లల పెంటావాలెంట్, డీపీటీ టీకాల్లో అది కలిసే ఉంటుంది కనుక టీకాల కార్డు తీసి చూడండి. 6, 10, 14 వారాల పెంటావాలెంట్ మోతాదులూ, 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరూ పడి ఉంటే, ఈ గాయానికి వేరే ఇంజెక్షను అక్కరలేదు. ఏదైనా తప్పిపోయి ఉంటే మాత్రం పేడు వచ్చినా రాకపోయినా వీలైనంత త్వరగా వేయించండి. తరవాతి డీపీటీ బూస్టరు వాడికి 5, 6 ఏళ్ల మధ్య పడాలి.