నాలుగో పరుగులో తేలే లెక్క

ప్రశ్న: నాది 2018 స్కోడా ఆక్టేవియా, 1.8 టర్బో పెట్రోలు. ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద రెండు మూడు లారీలను దాటేవరకు హుషారుగా లాగుతుంది. ఆ తర్వాత బరువెక్కినట్టు ఉంటుంది. పెద్ద ఇంటర్‌కూలర్ వేయిస్తే 25 హార్స్‌పవర్ పెరుగుతుందని ఒక షాపులో చెప్పారు. నమ్మవచ్చా? వేయించాక నిజంగా పెరిగిందో లేదో తెలుసుకోవడం ఎలా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ బరువు మీ భ్రమ కాదండీ, ఏ టర్బో పెట్రోలు కారుకైనా ఉండేదే. 40 డిగ్రీల ఎండలో గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు) దాటేసరికి అది 130 డిగ్రీలు మించుతుంది. దాన్ని చల్లార్చి ఇంజిన్‌కు అందించేది ఇంటర్‌కూలర్. ఆగకుండా గట్టిగా తొక్కుతుంటే ఆ అల్యూమినియం దిమ్మె తానే కాగిపోతుంది. వేడిగాలి లోపలికి వెళితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) వస్తుందని ఇంజిన్ కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది. కారు నీరసించేది అక్కడే.

25 మాత్రం నమ్మకండి. లోపలికి వెళ్లే గాలి 70 డిగ్రీల నుంచి 45కు దిగిందనుకుందాం. ఒత్తిడి మారకపోతే గాలి సాంద్రత 8 శాతం పెరుగుతుంది. మీ ఇంజిన్ శక్తి 180 హార్స్‌పవర్ కనుక ఎంత ఉదారంగా లెక్కగట్టినా 14. అదీ పూర్తిగా చేతికి రాదు. ఈ కారులో టార్క్‌కు, అంటే ఇంజిన్ తిప్పే బలానికి, 250 న్యూటన్ మీటర్ల హద్దు ఉంది. గాలి చల్లబడితే కంప్యూటర్ బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) కాస్త తగ్గించి అదే టార్క్ ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ ముట్టుకోని కారులో మంచి ఇంటర్‌కూలర్ చేసే మేలు, ఉన్న శక్తిని ఎండలోనూ జారిపోనివ్వకపోవడం.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నాదీ ఇదే కారు. పాత ఇంటర్‌కూలర్‌తో మధ్యాహ్నం డైనో (కారును రోలర్ల మీద నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద కొలిపించి, కొత్తది బిగించేసరికి చీకటి పడింది. 11 హార్స్‌పవర్ ఎక్కువ చూపించింది. ఎంత సంతోషించానో! రాత్రి నిద్ర పట్టలేదు, లెక్క మరీ బాగుందనిపించింది. మర్నాడు పాతదాన్నే మళ్లీ బిగించి అదే సాయంత్రం వేళకు కొలిపించాను. 11లో 7 పాతదానికే వచ్చేశాయి. అంటే ఆ 7 చల్లని సాయంత్రం చలవ. డైనో యంత్రం వాతావరణానికి సవరణ చేస్తుంది కానీ టర్బో కార్లకు ఆ సవరణ సరిగ్గా అతకదు.

అప్పుడు డైనో మీద రెండింటితోనూ మధ్యలో ఆపకుండా నాలుగేసి పరుగులు తీయించాను. అసలు తేడా అక్కడ బయటపడింది. నాలుగో పరుగుకు పాతదానిలో గాలి 71 డిగ్రీలకు చేరి, మొదటి పరుగు కంటే 13 హార్స్‌పవర్ పడిపోయింది. కొత్తదానిలో గాలి 52 దగ్గర నిలిచింది, పడిపోయింది 3 మాత్రమే. షాపువాళ్లు చూపించేది మొదటి పరుగు కాగితం. మీరు నాలుగోది అడగండి.

కొలిచేటప్పుడు గేరు, టైర్లలో గాలి, పెట్రోలు బంకు, డైనో ముందు ఫ్యాను ఉంచిన చోటు, ఏవీ మారకూడదు. ఏసీ ఆపండి. ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివేది) తగిలించి గాలి వేడి, బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) మూడూ రికార్డు చేయండి. గాలి వేడి అంకె ఇంటర్‌కూలర్ దాటాక ఉన్న సెన్సర్‌ది కావాలి. ఎయిర్ ఫిల్టర్ పక్క సెన్సర్ చెప్పేది టర్బోకు ముందు సంగతి. ఈ పరీక్షలు రోడ్డు మీద మాత్రం చేయకండి, ఎదుటివాళ్ల ప్రాణాలతో పని.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక్కసారి బంపరు విప్పించి చూడండి. నా పాత ఇంటర్‌కూలర్ కింది వరసల్లో, సన్నని రెక్కల మధ్య వరిపొట్టు, పురుగుల రెక్కలు, ఎర్రమట్టి కలిసి అట్టకట్టి ఉన్నాయి. టార్చి వేస్తే వెలుగు అవతలికి రాలేదు. సన్నని ధారతో వెనక నుంచి ముందుకు కడిగించినంత మాత్రానే ప్రయాణంలో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి 6 డిగ్రీలు తగ్గింది. అధిక పీడనం నీళ్లు కొట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి. కడిగాక కూడా చాలదనిపిస్తే అప్పుడు కొత్తది. అది మరీ మందంగా ఉంటే వెనక ఉన్న రేడియేటర్‌కు గాలి ఆడదు, లోపల బూస్ట్ కూడా కొంత పోతుంది. వేయించాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: డీజిల్ కారు ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల నూనె తడి కనిపించింది. టర్బో పోయినట్టేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వేలికి పల్చగా అంటుకునే తడి అయితే కంగారు పడకండమ్మా. ఇంజిన్ లోపలి ఆవిరితో పాటు కొద్దిగా నూనె అటు చేరడం మామూలే. గొట్టం వంచితే నూనె ధారగా కారినా, డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల) మీద మట్టం తగ్గుతున్నా, నీలిపొగ వస్తున్నా బండి నడపకుండా టర్బో చూపించండి.