మన ఊరి ఇసుకే కదా అని అప్పు చేయకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బరంపురంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో సేల్స్ చూస్తాను. జీతం 18 వేలు. బళ్లు బాగా అమ్ముడైన నెలలో ఇన్సెంటివ్ 8 వేల దాకా వస్తుంది. మా ఆవిడ కుట్టుపని చేసి నెలకు 5 వేలు తెస్తుంది. ఇద్దరు పిల్లలు, అమ్మ. ఇంటి ఖర్చు 24 వేలు. బ్యాంకులో 40 వేలున్నాయి. 2025లో మోటార్లలో వేసే అయస్కాంతాలు రావడం లేదని బళ్లు సరిగా పంపలేదు. రెండు నెలలు ఇన్సెంటివ్ లేక చేబదుళ్లతో నెట్టుకొచ్చాను. ఆ అయస్కాంతాలకు కావాల్సిన రేర్ ఎర్త్ ఖనిజాలు మా ఛత్రపురం ఇసుకలోనే ఉన్నాయి కదా! అమ్మ బంగారం మీద 3 లక్షలు, పర్సనల్ లోన్ 2 లక్షలు తీసుకుని ఆ షేర్లు కొందామనుకుంటున్నాను. ఛత్రపురం కంపెనీ షేర్లు ముందుగానే ఇప్పిస్తానని ఒకాయన అంటున్నారు. ఏవి కొనమంటారు?

జవాబు: ఏవీ కొనకండి. ముందు ఆ ఒకాయన సంగతి. ఛత్రపురంలో ఇసుక తవ్వే ఐఆర్‌ఈఎల్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, అణుశక్తి శాఖ కింద పనిచేస్తుంది. అది స్టాక్ మార్కెట్‌లోనే లేదు. దాని షేర్లు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది షేర్లు కావు, చేబదుళ్లు. రెండు నెలలు ఇన్సెంటివ్ ఆగితేనే పక్కవాళ్ల దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చింది. అంత కష్టం చూశాక కూడా మీరు అడుగుతున్నది ఇంకో 5 లక్షల అప్పు గురించి! ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. కమీషన్ మీద బతికే చాలామంది మంచి నెల సంపాదనను లెక్కలో పెట్టుకుని అప్పు చేస్తారు. చెడ్డ నెలను లెక్కలోకే తీసుకోరు.

మీ లెక్కే వేద్దాం. 2 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 6,800 కట్టాలి. 3 లక్షల బంగారం అప్పు 10 శాతానికి దొరికినా వడ్డీయే 2,500. మొత్తం 9,300. ఇన్సెంటివ్ పూర్తిగా వచ్చిన నెలలో మీ ఇంట్లో మిగిలేది 7 వేలు. అంటే మీకు అన్నీ కలిసొచ్చిన నెలలో కూడా ఈ అప్పు తీర్చలేరు. ఇన్సెంటివ్ రాని నెలలో ఇంటి ఖర్చుకే వెయ్యి తగ్గుతుంది, దాని మీద ఈ 9,300. ఇది పెట్టుబడి ఎలా అవుతుంది?

‘బళ్లు ఆగితే షేర్లు పెరుగుతాయి, అప్పుడు అమ్మి కట్టేస్తాను’ అని మీ మనసులో ఉండవచ్చు. ఆ ఖనిజాల ధర మన చేతిలో ఉండదు. తవ్వకంలో సుమారు మూడింట రెండు వంతులు, శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాదే. 2025 ఏప్రిల్‌లో ఏడు రకాల ఖనిజాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు అనుమతి ఉంటేనే ఎగుమతి అంది, ఇక్కడ మీ షోరూమ్‌కు బళ్లు తగ్గాయి. అక్టోబర్ 9న ఆంక్షలు ఇంకా పెంచింది. నెల తిరిగేలోపే అమెరికాతో మాట కుదిరి ఆ కొత్తవాటిని ఏడాది పాటు పక్కన పెట్టింది. ఇలా రెండు దేశాల నాయకులు కూర్చుని మాట్లాడుకుంటే ఇక్కడ షేరు లేస్తుంది, పడుతుంది. మీ బ్యాంకు మాత్రం ప్రతి నెలా అదే తారీఖున కిస్తీ అడుగుతుంది.

మరో సంగతి, ఇది చాలామందికి తెలియదు. మన ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం లాంటి తేలికవి. చైనా ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టినవాటిలో ఉన్న డిస్‌ప్రోసియం, టెర్బియం మన ఇసుకలో చాలా తక్కువ. మోటారు వేడెక్కినా అయస్కాంతం బలం తగ్గకుండా వాటినే కలుపుతారు. అయస్కాంతాల తయారీకి కేంద్రం 2025 నవంబర్‌లో 7,280 కోట్ల పథకం ఒప్పుకున్న మాట నిజమే. దాని గడువు ఏడేళ్లు, మొదటి రెండేళ్లు ఫ్యాక్టరీలు కట్టుకోవడానికే. మీ పర్సనల్ లోన్ గడువేమో మూడేళ్లు.

ఇలాంటి ఊపు ముందూ వచ్చింది. 2010లో చైనా ఎగుమతులు తగ్గించినప్పుడు మోలీకార్ప్ అనే అమెరికా గని కంపెనీ 14 డాలర్లకు షేరు తెచ్చింది. ఏడాది తిరక్కుండానే అది 70 డాలర్లు దాటింది. 2015 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది.

మీకు ఇప్పుడు కావాల్సింది అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు, అంటే 1,44,000. మీ దగ్గర 40 వేలు ఉన్నాయి కనుక ఇంకా 1,04,000 కావాలి. నెలకు 7 వేలు పక్కన పెడితే 15 నెలల్లో పూర్తవుతుంది. ఇన్సెంటివ్ రాని నెలలు పడితే మరికొంత ఆలస్యమవుతుంది, ఫరవాలేదు. ఆ డబ్బు మీ జీతం పడే ఖాతాలో ఉంచకండి, వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి. అందులో 10 వేలు మాత్రం ఇంట్లో నోట్లుగా ఉంచండి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మీ ఊళ్లో కరెంటు లేక ఏటీఎంలు ఎన్నాళ్లు మూతపడ్డాయో అమ్మగారిని అడగండి. అలాంటి రోజుల్లో షేర్లు పిల్లలకు పాలు తేలేవు.

నెలకు ఏడెనిమిది వందలు సర్దుకోగలిగితే మీ పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే బీమా, తీసుకోండి. నిధి పూర్తయ్యాక, షేర్ల మీద అంత మోజుంటే, నెలకు 2 వేలు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే ఒక సూచీలోని కంపెనీలన్నిటిలో డబ్బు పెట్టే ఫండ్‌లో, వేసుకోవచ్చు. చేబదుళ్లు ఇంకా మిగిలుంటే అన్నిటికంటే ముందు అవి తీర్చేయండి. అమ్మగారి బంగారం తాకట్టుకు వెళ్లకూడదు. ఆపరేషన్ లాంటి పెద్ద అవసరం వస్తే ఈ నిధి తర్వాత మీ ఇంటికి ఉన్న ఆసరా అదొక్కటే.